ఎడమ వేలు ఎత్తితే

ఆయన సమాధిలో తలా గుప్పెడు మట్టి వేసి, మిషన్ ఆసుపత్రి కుళాయి దగ్గర చేతులు కడుక్కుని, తమ్ముడి కారెక్కేసరికి మధ్యాహ్నం రెండయింది. తమ్ముడికి ఆయనెవరో తెలియదు. విశాఖపట్నం నుంచి అరకు దాకా నన్ను తీసుకురావడానికి వాడు వెంటనే ఒప్పుకున్నది ఘాట్ రోడ్డు మీద తన కారు తిప్పి చూడాలన్న సరదాతో. ఎవరో నాలుగేళ్లు వాడి అమ్మేసిన కారే, కానీ వాడికి కొత్తది. పొద్దున్న కొండ ఎక్కుతున్నంతసేపూ దాని గొప్పలే చెప్పాడు.

అది క్లచ్ లేని కారు. గేర్లు తనే మార్చుకుంటుంది. స్టీరింగ్ చక్రం వెనక అటొకటి ఇటొకటి చెవి తమ్మెలంత చిన్న రేకులు రెండున్నాయి. ఎడమ దాని మీద మైనస్ గుర్తు, కుడి దాని మీద ప్లస్. ఏదైనా కొత్తది కనిపిస్తే అడగకుండా ఉండలేని జబ్బు నాకు పుట్టుకతో వచ్చింది.

"ఇవేంటిరా?" అన్నాను పొద్దున్న, కొండ ఎక్కుతూ.

"ప్యాడిల్ షిఫ్టర్లంటారక్కా. D లో పెట్టి నడిపితే ఏ గేరు కావాలో కారే చూసుకుంటాది. మధ్యలో నువ్వు ఎడమది లాగేవనుకో, ఒక గేరు కిందికి. కుడిది లాగితే ఒకటి పైకి. కాసేపు నీ మాట ఉంచుతాది. మళ్లీ నువ్వేం అనకపోతే తన ఇష్టానికి తను పోతాది."

"నేను చెప్పిందే ఉంచాలంటే?"

"S లో పెట్టాలి. అప్పుడు నువ్వు ఏ గేరు చెప్తే దాన్నే పట్టుకునుంటాది."

"అయితే గేరు మార్చేది ఈ రేకేనా?"

"కాదు. అది ఉత్త స్విచ్చి. నువ్వు లాగితే కంప్యూటర్‌కి కబురెళ్తాది. స్పీడెంత, ఇంజినెంత తిరుగుతోంది, అన్నీ చూసుకుని అది మారుస్తాది."

"చూసుకుని కుదరదనుకుంటే?"

"మార్చదు. బీప్ అని ఊరుకుంటాది. నూట ఇరవైలో పోతూ ఫస్ట్ గేరు అడిగేవనుకో, ఇస్తే ఇంజినేమైపోవాలి? అందుకని ఇవ్వదు. అలాగే బండి ఆగిపోబోతుంటే నువ్వు అడక్కపోయినా తనే ఫస్ట్‌లోకి వచ్చేస్తాది."

"అంటే అడగడం మన పని, ఇవ్వడం దాని పని."

"అంతే."

"నేనిలాంటి బండి నడిపానురా, ఇదే రోడ్డు మీద, పదిహేనేళ్ల కిందట" అన్నాను. వాడు నా వైపు చూసి, అక్కకి దుఃఖంలో మతి చలించిందనుకున్నాడో ఏమో, చూపు రోడ్డు మీదకి తిప్పేసుకున్నాడు.

ఆయన మా మిషన్ ఆసుపత్రి జీపు డ్రైవరు. తొంభైల మధ్యలో నేనక్కడ ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరాను. రోజంతా మైక్రోస్కోపు కింద మలేరియా స్లైడ్లు చూడటం నా ఉద్యోగం. తెల్లకోటు వేసుకున్న ఆడవాళ్లందరూ ఆయనకి నర్సమ్మలే. "నేను నర్సుని కాదు బాబాయ్" అని మొదటి వారమంతా చెప్పి చూశాను. నా మొహం వైపే శ్రద్ధగా చూస్తూ వినేవాడు. విని, "సరే నర్సమ్మా" అనేవాడు.

ఘాట్ రోడ్డు మొదలవగానే జీపాపి ఎడమ కాలి చెప్పు విప్పి డాష్‌బోర్డు మీద పెట్టేవాడు. క్లచ్ తొక్కే కాలికి, క్లచ్‌కి మధ్య ఏదీ ఉండకూడదట. అక్కడ చిన్న శిలువ ఉండేది. శిలువ పక్కన చెప్పేమిటని మా పెద్ద డాక్టరు సిస్టరమ్మ చాలాసార్లు కోప్పడింది. ఆవిడ జీపులో ఉన్న రోజున చెప్పు సీటు కిందకి పోయేది, ఆవిడ దిగగానే మళ్లీ పైకొచ్చేది.

పట్టపగలు కూడా హెడ్‌లైట్లు వేసే నడిపేవాడు. ప్రతి మలుపులోనూ, అవతల ఎవరున్నా లేకపోయినా, పొడుగ్గా హారన్ కొట్టేవాడు. అనంతగిరి సంతలో మా జీపుకి పెళ్లివారి బండి అని పేరు. ఎవరెంత వెక్కిరించినా నవ్వేవాడు కాదు, కోప్పడేవాడూ కాదు.

గేరు రాడ్డు మీది గుబ్బ ఎప్పుడో పగిలిపోతే పనస చెక్కతో తనే చెక్కి బిగించుకున్నాడు. బండి నడుస్తున్నంతసేపూ ఎడమ అరచెయ్యి దాని మీదే ఉండేది. గట్టిగా పట్టుకునేవాడు కాదు, పిల్లల నుదుటి మీద జ్వరం చూసినట్టు ఊరికే ఆనించేవాడు. ఆ చెయ్యి ఎప్పుడు కదిలేదో, గేరు ఎప్పుడు మారేదో మాకు తెలిసేది కాదు.

వీటన్నిటికన్నా వింత ఇంకోటి. నడుపుతుండగా ఏదైనా అడిగితే జవాబిచ్చేవాడు కాదు. మళ్లీ అడిగి, భుజం తడితే, బండిని పక్కకి తీసి, ఇంజినాపి, మొత్తం నా వైపు తిరిగి కూర్చుని, "ఇప్పుడడుగు" అనేవాడు. నాలాంటి ప్రశ్నల పుట్ట పక్కన కూర్చుంటే కొండ కింద ఎస్.కోట చేరడానికి మామూలు కన్నా గంట ఎక్కువ పట్టేది. నడిపేటప్పుడు మాట్లాడకపోవడం ఆయన నియమమనుకున్నాను. జపం చేసుకుంటాడని నర్సులనేవారు.

కొండ దిగి మైదానంలోకి రాగానే జీపాపి, నాలుగు చక్రాల దగ్గరా వరసగా గొంతుక్కూర్చుని అరచెయ్యి ఆనించి చూసేవాడు. ఎందుకని అడిగితే ఓసారి చెప్పాడు.

"ఏ గేర్లో ఎక్కుతావో ఆ గేర్లోనే దిగాల, నర్సమ్మా. అప్పుడు ఇంజినే బండిని అట్టే పట్టుకుంటాది. బ్రేకు మీద కాలేసి దిగినోడి సక్రాలు మాడిపోతాయి. మాడిపోనాక బ్రేకు తొక్కినా పట్టదు. సల్లగుంటే సరిగా దిగినట్టు."

డీజిల్ మిగుల్తుందని న్యూట్రల్లో వదిలేసి దిగే లారీలు అప్పుడు చాలా ఉండేవి. వాటిని చూసినప్పుడు మాత్రం ఆయన పెదవులు ఏవో గొణిగేవి. అది జపం కాదని నాకు బాగా తెలుసు.

నేను చేరిన రెండో వానాకాలంలో ఆయన లైసెన్సు రెన్యువల్‌కొచ్చింది. దానికి డాక్టరు సర్టిఫికెట్ కావాలి. సిస్టరమ్మకి ఓపీలో ఊపిరాడటం లేదు. ఫారం నా చేతిలో పెట్టి, "కన్నూ చెవీ నువ్వు చూసి రాసి తే, నేను సంతకం పెడతాను" అంది. గడువు ఇంకా రెండు నెలలుంది.

కంటిచూపు బ్రహ్మాండంగా ఉంది. ల్యాబ్ సొరుగులో దుమ్ము పట్టిన శృతి దండమొకటి ఉంటే తుడిచి తీశాను. ఇంగ్లీషు యు అక్షరంలా ఉండే ఇనుప కడ్డీ, కొడితే సన్నగా మోగుతుంది. ఆయన్ని బల్ల దగ్గర కూర్చోబెట్టి, వెనక నిలబడి, మోత వినబడినప్పుడల్లా చెయ్యెత్తమన్నాను. బల్ల అంచుకి కొట్టి చెవి దగ్గర పెట్టాను. ఎత్తాడు. ఇంకో చెవి దగ్గర పెట్టాను. ఎత్తాడు. ఫారం మీద రాయబోతూ, ఊరుకోలేక, బల్లకి కొట్టి వెంటనే వేళ్లతో నొక్కి మోత ఆపేశాను. అయినా ఎత్తాడు.

అప్పుడు చూశాను. ఆయన రెండో అరచెయ్యి బల్ల మీద పరిచి ఉంది.

దండాన్ని ఈసారి నా మోకాలికి కొట్టి చెవి పక్కన పెట్టాను. ఆయన కదల్లేదు. ఇంకాస్త గట్టిగా కొట్టాను. కిటికీలోంచి బయట వాన చూస్తూ కూర్చున్నాడు. ఏడాదికి పైగా రోగుల్నీ నన్నూ ఈ కొండ మీంచి దించుతున్న మనిషికి ఏమీ వినబడదు.

ముందుకొచ్చి, మోగుతున్న దండం కాడని ఆయన అరచేతిలో పెట్టాను. ఆయన మొహం విప్పారింది.

"ఇది ఇనబడతంది" అన్నాడు.

"ఎన్నాళ్లయింది బాబాయ్?"

"నాలుగేళ్లు. జొరం మందు శానా తిన్నాను గదా, సెవుల్లో జోరెట్టుకుంది. తరవాత ఆ జోరు కూడా పోనాది." మలేరియా మందుతో చెవులు హోరెత్తుతాయని నేను చదువుకున్నాను. దానివల్లనో, ఇన్నేళ్ల డీజిలింజిన్ మోతవల్లనో నాకు ఇప్పటికీ తేలలేదు.

"మరి గేర్లు ఎలా మారుస్తున్నావు?"

అరచెయ్యి చూపించాడు. "ఇంజినుకి ఏటి కావాలో ఇక్కడ తెలస్తాది."

"నేను రాయాలి బాబాయ్."

"రాయాల. రాత్తే రేపట్నుంచి జీపెవుడు దించుతాడు? ఈ వానల్లో కిందనుంచి డ్రైవరు రాడు. నీకొచ్చా?"

"రాదు."

"నేర్సుకో. నువ్వు కొండ దించిన్నాడు రాసీ. అంతదాకా ఆపు."

నేను ఆపాను. తప్పని అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు. వారానికి మూడు నాలుగు సార్లు జ్వరంతో ఒళ్లు తెలియని పిల్లల్ని ఎస్.కోట పెద్దాసుపత్రికి తీసుకెళ్లాల్సిన రోజులవి. చెవుల్లేని డ్రైవరా, డ్రైవరే లేకపోవడమా అని తూచుకుని, మొదటిదే నయమనుకున్నాను. ఒక షరతు పెట్టాను. నేను పక్కన లేకుండా ఆయన బండి తియ్యకూడదు. ముందు హారన్ వినబడితే భుజం మీద ఒకసారి తడతాను, వెనక వినబడితే రెండుసార్లు.

అలా నేనాయన చెవులయ్యాను. సాయంత్రాల్లో పాఠాలు. ఎల్ బోర్డు కట్టి, స్టీరింగ్ చక్రం దగ్గర నేను, ఎడమ సీట్లో ఆయన, ఆయన కుడి చెయ్యి పనస గుబ్బ మీద.

"రెండు సేతులూ సక్రం మీదే ఉంచు. గేరు సంగతి నాను సూసుకుంటాను. పై గేరు కావాలంటే కుడి సేతి వేలెత్తు. కిందిది కావాలంటే ఎడం సేతి వేలు. ఎత్తి, క్లచ్ తొక్కు."

నోటితో చెబితే ఆయనకి వినబడదు కదా. అందుకని వేళ్లు. చక్రం మీంచి చేతులు తియ్యకుండా ఎడమ చూపుడు వేలెత్తి, క్లచ్ తొక్కితే, పక్కనుంచి గేరు దిగేది. కుడి వేలెత్తితే ఎక్కేది. లోయలో పొలాల పక్క రోడ్డు మీద నా వేలు కోసం ఆయన ఆగేవాడు కాదు. క్లచ్ తొక్కమని కాలి మీద తట్టి తనే మార్చేసేవాడు. ఘాట్ రోడ్డు మీద మాత్రం నేనడిగే వరకూ చెయ్యి కదిపేవాడు కాదు. బండి ఆగిపోబోతుంటే ఒక్కటే, అడగకుండానే ఫస్ట్‌లో వేసేవాడు.

అడిగిందల్లా ఇచ్చేవాడూ కాదు. నేను తొందరపడి వేలెత్తితే, గోటితో గుబ్బ మీద టక్ టక్ మని కొట్టి ఊరుకునేవాడు. క్లచ్ తొక్కింది వృథా అయ్యేది. నాకు రోషం వచ్చేది. రోషం వచ్చి అడగాలన్నా బండాపాలి. ఆపి, ఆయన వైపు తిరిగి, "ఎందుకివ్వలేదు?" అనేదాన్ని.

"నువ్వడిగేవు. బండి ఒప్పుకోలేదు. మధ్యన నానేటి సేసేది?" అనేవాడు, చాలా అమాయకంగా.

నెలన్నర గడిచింది. నా లైసెన్సు చేతికొచ్చింది. గుబ్బ మీద టక్ టక్‌లు తగ్గాయి. ఒక రోజు ఆయనే నడుపుతూ ఎస్.కోట నుంచి పైకొస్తున్నాం. నేను ఒళ్లో పెట్టుకున్న రక్తం శాంపిళ్ల సీసాలకి పేర్లు రాస్తున్నాను. వెనక బస్సు హారన్ కొడుతూనే ఉంది. నాకు వినబడింది కూడా. రాస్తున్న పేరు పూర్తిచేసి తడదామనుకున్నాను. అంతలో ఆయన గుంట తప్పించడానికి కుడివైపు తిప్పాడు. బస్సు మా అద్దాన్ని ఊడబీక్కుని, గీసుకుంటూ పోయి ఆగింది.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. బస్సు డ్రైవరు దిగి మా ముందుకొచ్చి నిలబడి, "హారన్ ఇనబడదేటి? సెవుడా నీకు?" అని అరిచాడు.

ఆయన ఆ పెదవుల్ని చూశాడు. "అవును బాబూ, సెవుడే" అన్నాడు.

తనని ఎకసెక్కం చేశాడనుకుని బస్సు డ్రైవరు ఇంకా తిట్టాడు. తప్పు నాదని చెప్పబోయేసరికి అతను తిరిగి బస్సెక్కేస్తున్నాడు. అంతా వెళ్లిపోయాక ఆయన ఇంజినాపి నా వైపు తిరిగి కూర్చున్నాడు.

"నీ తప్పు కాదు నర్సమ్మా. ఒక బండికి ఇద్దరు డ్రైవర్లుండకూడదు."

ఆ వారమే, ఒక మధ్యాహ్నం, కొండ మీది ఊరి నుంచి ఆరేళ్ల ఆడపిల్లని మోసుకొచ్చారు. నెత్తుటి చుక్క చూసింది నేనే. మైక్రోస్కోపు కింద ఎక్కడ చూసినా మలేరియా పురుగే. ఫిట్స్ వస్తున్నాయి. పెద్దాసుపత్రికి బేగి దించమంది సిస్టరమ్మ. సెలైన్ సీసా పట్టుకుని ఒక నర్సు, పిల్లని ఒళ్లో వేసుకుని తల్లి వెనకెక్కారు. నేను అలవాటుగా ఎడమ వైపు ఎక్కబోతే, ఆయన అప్పటికే అక్కడ కూర్చుని ఉన్నాడు. సిస్టరమ్మ వరండాలోంచి చూస్తూనే ఉంది. నేను చుట్టూ తిరిగి వెళ్లి స్టీరింగ్ దగ్గర కూర్చున్నాను.

అనంతగిరి దాటాక మొదటి పెద్ద దిగుడులో ఎడమ వేలెత్తి క్లచ్ తొక్కాను. గేరు దిగలేదు. టక్ టక్ కూడా వినబడలేదు. పక్కకి చూశాను. ఆయన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, కొండవైపు చూస్తున్నాడు.

వెనక ఆ తల్లి పిల్లని పేరు పెట్టి పిలుస్తూనే ఉంది. జీపు జోరందుకుంటోంది. చక్రం మీంచి ఎడమ చెయ్యి తీసి, మొదటిసారి ఘాట్ రోడ్డు మీద నేను పనస గుబ్బ పట్టుకున్నాను. రెండులోకి మెత్తగా పడింది. క్లచ్ వదలగానే ఇంజిన్ మూలిగి బండిని వెనక్కి లాగి పట్టింది. అరచెయ్యి అక్కడే ఉంచాను. ఆయన అరచేతికి తెలిసేది ఆ అదురేనని నాకు అప్పుడు తెలిసింది. సన్నగా ఉంటే పరవాలేదు, ముతకగా వస్తే ఇంకో గేరు కావాలి. ప్రతి మలుపులోనూ పొడుగ్గా హారన్ కొట్టాను.

పిల్లని స్ట్రెచర్ మీద లోపలికి తీసుకుపోయారు. తర్వాత అది బతికింది. అప్పటికి మాకింకా తెలియదు. నేను దిగలేక స్టీరింగ్ పట్టుకుని అలాగే కూర్చున్నాను. ఆయన దిగి, ముందు ఎడమ చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నాడు. తర్వాత వెనకది. చుట్టూ తిరిగి కుడివైపు రెండూ. ఒక్కోదాని దగ్గర ఎంతసేపున్నాడో. నాలుగోది చూసి లేచి, నా తలుపు దగ్గరకొచ్చి, చెవిటిదాన్ని నేనే అయినట్టు నా మొహానికెదురుగా నిలబడి, నెమ్మదిగా చెప్పాడు.

"రాసీ, నర్సమ్మా."

రాశాను. వినికిడి దగ్గర లేదని రాశాను. కింద రిమార్కులన్న చోట ఖాళీ ఉంటే, అరచేతితో వింటాడని రాశాను. సిస్టరమ్మ ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివి కొట్టేసింది. "ఇది వాళ్లడగలేదమ్మా" అంది. ఆవిడకి ఎప్పట్నుంచి తెలుసో నేనడగలేదు. నేను అడగకుండా వదిలేసిన ప్రశ్న బహుశా అదొక్కటే.

కొత్త డ్రైవరు దొరికేదాకా ఏడాదిన్నర జీపు నేనే నడిపాను. ఆయనకి గేటు దగ్గర కూర్చునే పని ఇచ్చారు. ఎస్.కోట నుంచి తిరిగొచ్చినప్పుడు జీపులో దించినవాళ్లెవరని ఆయనెప్పుడూ అడగలేదు. నేరుగా చక్రాల దగ్గరకెళ్లేవాడు. ఎక్కి వచ్చిన చక్రాల్లో ఏం తెలుస్తుందని నేనంటే, దారిలో సంపంగిగడ్డ దగ్గర చిన్న దిగుడులున్నాయి కదా అనేవాడు. వేడిగా తగిలితే, "ఏటి నర్సమ్మా, ఎవుల మీద కోపం?" అనేవాడు. చల్లగా ఉంటే ఏమీ అనకుండా గేటు దగ్గరకి పోయి కూర్చునేవాడు. ఆయన ఏమీ అనని రోజున నాకు రాత్రి అన్నం రుచిగా ఉండేది.

సమాధి దగ్గర్నుంచి తిరిగొస్తూ కొండ దిగేటప్పుడు తమ్ముడు బ్రేకు మీదే కాలుంచాడు. D లోనే ఉంచి, ప్రతి మలుపుకీ తొక్కుతూ. సగం దిగాక కాలిన వాసన వచ్చింది. ఆపమన్నాను. కాసేపాగి, ఆ సీట్లో నేను కూర్చున్నాను.

"నీకు అలవాటు లేదక్కా ఇది."

"ఉంది."

S లో పెట్టి, ఎడమ రేకు లాగాను. ఇంజిన్ గొంతు పెరిగి కారు నెమ్మదించింది. తొందరపడి ఇంకోసారి లాగాను. బీప్ మని ఊరుకుంది, గేరు ఇవ్వలేదు. నాకు నవ్వొచ్చింది. నవ్వుతుంటే కళ్లనిండా నీళ్లొచ్చాయి. రోడ్డు కనబడక ఓ క్షణం భయపడ్డాను కూడా. వేగం తగ్గాక మళ్లీ అడిగాను. ఈసారి ఇచ్చింది. రెండులోనే చివరిదాకా దిగాను. ఎడమ చెయ్యి ఒకటి రెండుసార్లు దానంతటదే మధ్యలో ఉన్న రాడ్డు మీదకి పోయింది. అక్కడ ఏ అదురూ లేదు.

కొండ కింద కారాపి దిగి, నాలుగు చక్రాల దగ్గరా గొంతుక్కూర్చుని చెయ్యి పెట్టి చూశాను. గోరువెచ్చగా ఉన్నాయి. నాలుగో చక్రం దగ్గర తమ్ముడు కూడా వచ్చి కూర్చుని, నన్ను చూసి తన అరచెయ్యీ ఆనించాడు. ఏదో అడిగాడు. అదే సమయానికి అరకు వెళ్లే బస్సు హారన్ కొడుతూ మా పక్కనుంచే మలుపెక్కుతోంది. వాడి మాట నాకు వినబడలేదు. పెదవులు చూశాను. ఏ గేర్లో దిగేవని అడుగుతున్నాడు.

నేను రెండు వేళ్లెత్తాను. వాడికి అర్థమైంది. బస్సు మోత దూరమైపోయాక కూడా, చక్రం మీంచి చేతులు తియ్యకుండా ఇద్దరం కాసేపు అక్కడే కూర్చున్నాం.